సుద్దగీత తెలియని వరుస

ఇదంతా ఒక సోమవారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు మొదలైంది. తాండూరులో మా తమ్ముడి బండల డిపోలో గోడ గడియారం మూడు నిమిషాలు ముందు నడుస్తుంది. ఆ మూడూ తీసేసే రాస్తున్నాను.

ఆ సమయానికి కిటికీ అవతల, యార్డు మేస్త్రీ ఒక దొంతర మీద సుద్దతో అడ్డగీత గీస్తున్నాడు. ధారూర్ నుంచి వచ్చిన ఒకామె తల్లి సమాధికి తొమ్మిది నీలం బండలు ఏరుకుంది. కందులు అమ్మాక తీసుకెళ్తానంది. గీత ఉన్న దొంతరను ఎవరూ ముట్టరు. ఆ గీతకు కాగితం ఉండదు, కంప్యూటర్లోనూ కనపడదు. అలా కాగితం లేకుండా మంచి బండలు తనకు కావలసినవాళ్లకు దాచి ఉంచుతాడనే మేస్త్రీ మీద నా అనుమానం.

కిటికీ ఇవతల నా మేనకోడలు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. డిపోకి నాలుగు వెబ్ సర్వీసులు ఉండేవి. ఒకటి ఆర్డరు తీసుకునేది, ఒకటి సరుకెంతుందో చెప్పేది, ఒకటి లారీ మాట్లాడేది, ఒకటి కొన్నవాళ్లకు మెసేజ్ పంపేది. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఒకదాని జవాబు చూసి ఇంకోదాంట్లో నింపడానికే నేను ఆరేళ్లుగా రోజూ వికారాబాదులో రైలెక్కి వచ్చేదాన్ని. ఆ నాలుగింటినీ వరుసగా కట్టి, పని దానంతటదే నడిచేలా చేయడం నాకు నేర్పుతానంది మేనకోడలు.

"నన్ను ఇంట్ల కూసోబెట్టే ఉపాయమా? మీ నాయిన చెప్పిండా?"

"గట్లేం లేదత్తమ్మా. నీ అంత అనుమానం ఎవరికుంది? గీ పనికి గదే కావాలె."

మెచ్చుకుందో, దెప్పిందో తేలలేదు. నేర్చుకున్నాను. తెర మీద డబ్బాలు, వాటి మధ్య బాణాలు. జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలి, లారీ దొరక్కపోతే పక్కన పెట్టిన సరుకును ఎలా విడిపించాలి, అన్నిటికీ దారి గీయాలి. ఉత్తుత్తి ఆర్డర్లు నలభై ఒకటి పెట్టి చూశాను. లారీ సర్వీసు రెండుసార్లు సరేనని చెప్పి లారీ పెట్టలేదు. రెండుసార్లూ పట్టుకున్నాను.

మేనకోడలు గీసిన వరుసలో, సరుకు లెక్కకూ లారీకీ మధ్య ఒక డబ్బా ఉంది: "మేస్త్రీని అడుగు". ఆయన ఫోనులో సరే నొక్కితేనే పని ముందుకు కదులుతుంది.

"గిదెందుకు?"

"యార్డుల ఏది ఎవరిదో ఆయనకే ఎరుక గద."

"ఆయనకే ఎరుకైతే ఎట్ల? తీసెయ్."

"నేను తియ్య. నీ ఇష్టం."

నేనే తీశాను. పద్దెనిమిదో రోజు, గురువారం, రెండున్నరకు.

తర్వాతి బుధవారం పది ఇరవైకి ధారూర్ ఆమె ట్రాలీ ఆటో తీసుకుని వచ్చింది. దొంతర ఉన్నచోట మట్టి మాత్రమే ఉంది. నేను ముందు మేస్త్రీ వైపే చూశాను.

"ఎవరికిచ్చినవ్?"

"నేనెవరికియ్యలె, అమ్మా. గీత దాటి మనోళ్లు చెయ్యి పెట్టరు. నీ మిషన్‌నడుగు."

అడిగాను. ప్రతి అడుగూ అందులో రాసి ఉంది. ఆదివారం ఉదయం ఏడు గంటల నాలుగు నిమిషాలకు హైదరాబాదు నుంచి ఆర్డరు. తొమ్మిది బండలు ఉన్నాయని జవాబు. లారీ ఖాయం. మెసేజ్. అంతా కలిపి ముప్పై ఎనిమిది సెకన్లు. మేస్త్రీ మర్పల్లి చర్చిలో ఉన్న పూట, లారీతో వచ్చిన బయటి హమాలీలు చీటీ మీది దొంతర నంబరు చూసి ఎత్తుకెళ్లారు. వరుసలో తప్పు లేదు. నేను గీసినట్టే నడిచింది.

వేరే నీలం బండలు చూపించాను. ఆమె చేత్తో కూడా తాకలేదు.

"మా అమ్మ ముప్పై ఏండ్లు తట్ట మోసిన గనివమ్మా అవి. గా గనిల ఇప్పుడు నీళ్లే. ఇవి నాకెందుకు?"

ఖాళీ ఆటోలో వెళ్లిపోయింది. కొన్నవాళ్లకు ఫోన్ చేస్తే, వంటింటి గట్టుకు అప్పుడే కోయించి, మిగిలినవి మెట్లకు పరిచేశామన్నారు.

ఆ సాయంత్రం నాలుగు పదికి డబ్బాను తిరిగి పెట్టాను. ఇప్పుడు ప్రతి ఆర్డరుకూ మేస్త్రీ ఫోను మోగుతుంది. యార్డు చివరిదాకా నడిచి వెళ్లి, చూసి, నొక్కుతాడు.

పోయినవి: నీలం బండలు తొమ్మిది. గట్టుకు కోసినవి ఆరు, మెట్లకు పరిచినవి మూడు, తిరిగి వచ్చినవి లేవు. ఇదివరకు పొద్దున్నే గేటు దగ్గర మేస్త్రీ నాకు పెట్టే నమస్కారం కూడా ఒకటి.