జపాను రేవులో చూసిన ఆట

మా పెదమామగారు, అంటే మా మామగారి అన్నగారు, పోయిన వారం కాకినాడలో కన్నుమూశారు. పడుచుతనంలో ఓడల్లో పనిచేసి వచ్చినవారు కనుక మా పేటలో అందరికీ ఆయన ఓడతాత. నేనివాళ బతికి ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతున్నానంటే ఆయన వల్లే. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

రంగూను దాటి జపాను దాకా వెళ్ళారాయన. అక్కడి రేవులో ఓడ మరమ్మతుకు ఆగినన్నాళ్ళూ నాటకశాలకు పోయేవారట. నడుముకు రెండు కత్తులు కట్టుకునే సమురాయి వీరుల కథలు ఆడేవారట అక్కడ. సముద్రం మీద యుద్ధంలో ఓడి, పడవలతో సహా మునిగిపోయిన వీరుల కథంటే ఆయనకు ప్రాణం. చనిపోయిన వీరుడు తెల్లటి ముఖంతో జనం మధ్యలోంచి నడిచివచ్చి, తానెలా పోయిందీ చెప్పుకుంటాడట.

"వినేవాళ్ళుండాలమ్మా. విని, ఇంక వెళ్ళమనాలి. అప్పుడుగానీ వాడు కదలడు" అనేవారు.

ఆ వీరులే పీతలై పుట్టారని అక్కడి జాలర్లు నమ్ముతారట. వీపు మీద కోపపు ముఖం కనబడిన పీతను నీళ్ళలో వదిలేస్తారట. ఈయనా ఇక్కడ మా ఆయన వలలో పడ్డ ప్రతి పీతనీ తిప్పి చూసేవారు. మా ఆయన నవ్వేవాడు.

ఒక తుఫానులో మా ఆయన పడవ తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. రోజూ పొద్దుగూకగానే దీపం వెలిగించి, కంచంలో అన్నం పెట్టి, గుమ్మంలో కూర్చునేదాన్ని. నేను తినడం మానేశాను. ఎవరు చెప్పినా వినలేదు.

ఒక సాయంత్రం ఒడ్డు వైపు నుంచి ఒక మనిషి వచ్చి నా ముందు నిలబడ్డాడు. ముఖమంతా బియ్యప్పిండి, కళ్ళచుట్టూ కుంకుమ. పెదమామగారేనని నడకలోనే తెలిసింది. మాటతీరు మాత్రం మా ఆయనది.

"ఇదిగో, తెరచాప చిరిగిపోయింది. పడవ ఒరిగిపోయింది. ఈదాను. ఒడ్డెటో తెలీలేదు."

ఎవరో తెలిసీ మా ఆయన్ని అడిగినట్టే అడిగాను. "సలేసిందా మావా?"

"మొదట్లో ఏసింది. తర్వాత తెలీలేదు."

"నా దీపం కనబడలేదా?"

"కనబడతానే ఉంది. అందుకే పోలేకపోతన్నాను."

"అయితే వెళ్ళు మావా" అన్నాను.

ఆ పూట కంచంలో అన్నం నేనే తిన్నాను.

ఆ తర్వాత జపాను కథ ఎవరడిగినా ఆయన చెప్పలేదు. చాలా ఏళ్ళకి నేనే అడిగాను, ఆ మాటలన్నీ ముందే అనుకుని వచ్చారా అని.

"తెరచాప దాకా అనుకునే వచ్చానమ్మా" అన్నారు. "ఆపైన మాటలు నావి కావు."

ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే నాకు కనబడేది ఒక్కటే. వెళ్ళమన్నాక ఆయన ఇంటికి పోలేదు. సముద్రం వైపు నడిచారు. నడుములోతు నీళ్ళలో నిలబడి ముఖం కడుక్కున్నారు. పిండి కరిగి చుట్టూ నీళ్ళు తెల్లబడ్డాయి. భుజాలు అదురుతున్నాయి. చీకటి పడేదాకా ఆయన ఒడ్డు వైపు తిరగలేదు.