గీత దాకా నీళ్లు

పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని నీళ్లు కొలవడం. లీటరు సీసా మీద ఎర్ర గోళ్లరంగుతో గీసిన గీత దాకా పోసి, మా ఆయన మంచం పక్కన స్టూలు మీద పెట్టేదాన్ని. కిడ్నీలు పోయాక రోజంతా ఆయన తాగవలసినవి అవే నీళ్లని, మించితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. ఇప్పటికీ పోస్తున్నాను. తాగే మనిషి లేడు గనుక, పొద్దుగూకేవేళకు కల్యామాకు, అదే కరివేపాకు చెట్టు మొదట్లో ఒంపి, సీసా కడిగి బోర్లిస్తున్నాను.

మా ఆయన పేరు దామోదర్. సిద్దిపేటలో నల్లా నీళ్లు వదిలే మనిషి. తెల్లవారకముందే ఇనుపరాడ్డు భుజాన వేసుకుని గల్లీ గల్లీకి పోయి వాల్వులు తిప్పేవాడు. జబ్బు చేశాక కూడా చివరిదాకా పని మానలేదు. మా చర్చిలో పెద్ద ఉద్యోగస్తులున్నారు. ఎండాకాలం వస్తే వాళ్లే ముందుగా మా ఆయనకు నమస్తే పెట్టేవారు. పుట్టింది చంద్లాపూర్‌లో. డయాలసిస్ మొదలైనాక ఒకసారి నన్ను బండి మీద ఆ ఊరి దగ్గరి రంగనాయక సాగర్ చెరువు కట్టకు తీసుకుపోయి, ఆ నీళ్లను చాలాసేపు చూశాడు.

"గన్ని నీళ్లు సూడు స్వరాజ్యం. మన సీసల ఎంతున్నయ్?"

"రెండు గుటకలు."

"ఇటియ్యి. గీడ కూసోని తాగితే చెరువంత తాగినట్టుంటది."

బతుకమ్మ పండుగ అయిపోయిన వారం. ఆదివారం సాయంత్రానికే సీసా ఖాళీ అయింది.

"ఒక్క గుటకనే. నాలుక పెంకలెక్క అయింది," అన్నాడు.

"పొద్దుగాల డయాలసిస్ ఉన్నది. ఓర్సుకో."

"ఊరంతటికి నేను ఇడుస్త. నాకు నువ్వు ఇడువవైతివి," అని గోడవైపు తిరిగాడు. పరాచికానికే అన్నాడేమో. తెల్లారి లేపితే లేవలేదు.

అప్పటినుంచి నాకు ప్రార్థన రాదు. మోకాళ్లు వేసి "తండ్రీ" అంటాను. అంతలోనే గోడవైపు తిరిగిన ఆ వీపు కనబడుతుంది. నీళ్లియ్యని చేతులు జోడించి దేవుణ్ణి ఏం అడగను?

ఆగమన కాలం వచ్చింది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు, వారానికొక కొవ్వొత్తి వెలిగించి ప్రభువు రాక కోసం ఎదురుచూస్తాం. ఎదురుచూడడం నాకు కొత్త కాదు. డయాలసిస్ గది బయట బల్ల మీద రెండేళ్లు అదే చేశాను. అక్కడైతే సాయంత్రానికి తలుపు తీసుకుని మనిషి వచ్చేవాడు.

రెండో ఆదివారం ముందు, మా పాస్టరయ్యగారి భార్య ఇంటికి వచ్చింది.

"ఈసారి కొవ్వొత్తి నువ్వు ముట్టియ్యాలె, స్వరాజ్యమ్మా."

"నా చెయ్యి బాగలేదమ్మగారు."

"ఏమైంది? ఏదీ, సూడనియ్యి." చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "మంచిగనే ఉన్నది గదనే!"

చేయి వెనక్కి తీసుకున్నాను. ఆ ఆదివారం చర్చికే పోలేదు. మూడో ఆదివారమూ పోలేదు.

నాలుగో ఆదివారానికి ముందు రోజు మధ్యాహ్నం, వెనక గల్లీ హుస్నాబీ వచ్చింది. అరవై దాటిన మనిషి, బట్టలు కుట్టి బతుకుతుంది. లోపలికి రమ్మన్నా రాకుండా గడపలోనే కూర్చుంది.

"బిడ్డా, ఓ మాట రెండు నెల్లసంది గొంతుల ఇరుక్కున్నది."

"చెప్పు ఖాలా."

"దామోదర్ మా గల్లీల వాల్వు తిప్పి, రోజు మా ఇంటిముందల ఆగుతుండె. 'మా ఇంటామెకు చెప్పకమ్మా' అని గిలాసెడు నీళ్లు తాగి పోతుండె. ఎండకాలం సల్లగ బరఫ్ ముక్క గూడ ఏసిచ్చిన. నా నీళ్లతోనే పాయెనా బిడ్డా?"

ముందు నవ్వొచ్చింది. రెండేళ్లు నన్నెంత మోసం చేశాడు! ఆ వెనకే ఏడుపు తన్నుకొచ్చింది.

"నువ్విచ్చినందుకు పోయిండని నువ్వు, నేనియ్యనందుకు పోయిండని నేను," అన్నాను.

ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియక ఇద్దరం గడపలో కూర్చున్నాం. పోయేముందు ఆమె మంచినీళ్లు అడిగింది. గిలాసు నిండా తెచ్చి ఆమె చేతికిచ్చాను.

ఆమె పోయాక నేను మోకాళ్లు వేయలేదు. వంటింట్లో నిలబడే, "తండ్రీ, ఆయనకు నేను నీళ్లియ్యలేదు," అన్నాను. ఇన్నాళ్లకు ఒక మాట పూర్తిగా నోటినుంచి వచ్చింది. గుండె బరువు తగ్గలేదు. మేము ఎదురుచూస్తున్న ఆ పసివాడు కూడా పెద్దవాడై, సిలువ మీద దాహమని అడిగే పోయాడని మాత్రం గుర్తొచ్చింది. తల్లి అక్కడే కింద నిలబడి ఉంది. చేయి అందలేదు. ఆ తల్లి ఇంటికి పోయి, ఆ సాయంత్రం కుండలోని నీళ్లు ఎట్లా తాగిందో?

ఆదివారం చర్చికి పోయి చివరి వరుసలో కూర్చున్నాను. నాలుగో కొవ్వొత్తి ఎవరో వెలిగించారు. పాట పాడలేకపోయాను. లేచి వచ్చేయనూ లేదు.

ఆ పొద్దున సీసాలో నీళ్లు ఎర్రగీత దాటించి మెడదాకా పోసి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి స్టూలు మీద అట్లాగే ఉన్నాయి. పొద్దుగూకింది. కల్యామాకు చెట్టు మొదలు ఎండి ఉంది. అయినా, ఆయన నీళ్లు ఆయనకే ఉండనీ అని సీసా ముట్టుకోలేదు. ఒంపలేదు, కడగలేదు, బోర్లించలేదు.