దిండు మీద పాప: నిజాంపేట నుంచి మాదాపూర్‌కు ఎముకల యాత్ర

మాదాపూర్ దాకా పోయి, ఆ కొత్త గుండ్రటి అద్దాల మేడ గురించి ఒక్క ముక్కా రాయనందుకు యావత్ కంప్యూటర్ లోకం నన్ను మన్నించుగాక. తొంభైల చివర్లో ఊరంతా ఆ మేడ చూడబోతే, మేము మా అక్క కూతుర్ని ఎముకల డాక్టరుకు చూపించబోయాం. ఎనిమిది నెలల పిల్లకు చెయ్యి విరగడం అది రెండోసారి. అక్కే కొట్టిందని ఆమె అత్తగారి తీర్పు. డాక్టరు కూడా అదే అంటే పిల్లను ఉంచుకుని అక్కను వెళ్లగొడతానంది.

పొద్దున తొమ్మిదికి నిజాంపేటలో ఆటో ఎక్కాం. బస్సు చవకే గానీ, ఆ కుదుపులకు పిల్ల తట్టుకోదు. అక్క ఒళ్లో దిండు, దిండు మీద పాప, పక్కన ఆమె అత్తగారు, నేనూ అత్తమ్మనే అంటాను, డ్రైవరు సీటు అంచున నేను. మాదాపూర్ దగ్గరపడేసరికి రోడ్డు పోయి కంకర మిగిలింది.

"అన్నా, జర మెల్లగ. పిల్ల చెయ్యి విరిగింది."

"నేను మెల్లగనే పోతున్న తమ్మీ, గుంతలే ఉరికొస్తున్నయి."

నవ్వింది నేనొక్కణ్ణే. ముందు బండలు పేలుస్తున్నారని ఆటో ఆపారు. పేలినప్పుడల్లా అక్క పాపను చేతులతో కప్పుకుంది.

"ఇప్పుడు మంచిగనే నేర్చినవ్ పట్టుకునుడు," అంది అత్తమ్మ.

డాక్టరమ్మ ఎక్స్‌రే పక్కన పెట్టి పాప కళ్లు చూసింది, తర్వాత అక్కవి. ఇద్దరికీ తెల్లగుడ్డు నీలంగా ఉంది. మా ఇంట్లో దాన్ని అందమనుకుని, ఇన్నాళ్లూ కాటుక దిద్ది మురిసిపోయాం.

"చిన్నప్పుడు నీకూ ఎముకలు విరిగాయా అమ్మా?"

"చానాసార్లు, మేడమ్."

అక్కకు ఎముకల సాంద్రత స్కాన్ తీస్తే బాగా తక్కువని తేలింది. ఎముకకు పట్టునిచ్చే పదార్థాన్ని తయారుచేసే జన్యువులో ఇద్దరికీ పుట్టుకతోనే లోపమట, కళ్లలో ఆ నీలం దాని గుర్తేనట. వివరమంతా ఇంగ్లిషులో చెప్పింది, తర్జుమా నా వంతు.

"పాపకు నీళ్లెవరు పోస్తారు?" అని తెలుగులో అడిగింది.

"నేనే," అంది అత్తమ్మ గర్వంగా. "కాళ్ల మీద పండవెట్టి, చేతులు గుంజి గుంజి పోస్త. బొక్కలు గట్టివడాలె గద!"

డాక్టరమ్మ ఎక్స్‌రేను మళ్లీ వెలుతురుకు పట్టి చూసింది. "ఇక గుంజకండమ్మా," అంది.

తిరుగు ఆటోలో అత్తమ్మ నా వైపు తిరిగింది. "సదువుకున్నోనివి, నువ్వు చెప్పు. గీ రోగం మీ ఇంటి నుంచే వచ్చిందా?"

"రెండిళ్ల రక్తం కలిస్తేనే వస్తదట, అత్తమ్మా."

ఆ తర్వాత ఆమె అక్కను వెళ్లగొట్టే మాట మళ్లీ ఎత్తలేదు. తప్పయిందని మాత్రం ఎవరూ అక్కతో అనలేదు. చేతికి అంటిన నింద కడిగితే పోయింది గానీ, రక్తానికి అంటేది పోదని ఆ పూట నాకు అర్థమైంది. మీరూ ఇలాంటి పిల్లతో బయల్దేరితే చంకల కింద పట్టి ఎత్తకండి, తల కింద, పిరుదుల కింద చేతులు పెట్టండి. నీళ్లు పోసే మనిషిని తప్పకుండా డాక్టరు గదిలోకి తీసుకెళ్లండి.

ఇక ఆ రోజు నేను నిజంగా చేసింది ఒక్కటే. ఇది తల్లి ఒక్కదాని నుంచే దిగిందని డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. రెండిళ్ల రక్తం అన్న ముక్క నా సొంతం.