అక్క బరువు, నా చెప్పుల మడమ

ఆ రోజుల్లో టీచరు పొడుగ్గా ఉంటేనే పిల్లలు మాట వింటారని నాకొక గట్టి నమ్మకం. కర్ణాటకలోని చింతామణిలో చదువు ముగించి పాతపాళ్య హైస్కూల్లో సైన్సు గెస్టు టీచరుగా చేరిన కొత్త. పదో తరగతి పిల్లల్లో చాలామంది నాకంటే జానెడు ఎత్తు. అందుకని పెన్సిలు మొనలాంటి మడమలున్న చెప్పులు కొన్నాను. (వాటితో నడవడం అద్దం ముందు నేర్చుకున్నాను. అద్దం ముందు బురద ఉండదు కదా!) బాగేపల్లిలో నాతో ఒకే గదిలో ఉండే మా స్కూలు కన్నడం టీచరు, నేను అక్కా అని పిలిచే మనిషి, వాటిని చూసి "ఇవి చెప్పులా, దబ్బనాలామ్మా?" అంది. అక్క వయసులో నాకు పెద్ద, బరువులో రెండింతలు. బస్సులో నాకు సీటు దొరక్కపోతే తనే సగం జరిగేది. ఆ మిగిలిన సగంలో నేను ఎలా పట్టేదాన్నో ఇప్పటికీ అర్థం కాదు.

ఒకరోజు నా పాఠం చూడడానికి విద్యాశాఖ ఆఫీసరు వచ్చారు. ఆయన మెచ్చితేనే మరుసటి ఏడు నన్ను ఉంచుకుంటామని హెడ్మాస్టరు ముందే చెప్పారు. పాఠమేమో బలానికీ ఒత్తిడికీ తేడా. తెల్లవారుజామున వాన పడి స్కూలు మైదానం మెత్తబడింది. అక్కతో కలిసి దాన్ని దాటుతుంటే నడిమధ్యలో నా మడమలు రెండూ దిగబడ్డాయి. ఒకటి లాగితే రెండోది ఇంకా లోతుకు పోతోంది. వరండాలో ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూస్తున్నారు.

"ఏమాయెమ్మా?"

"కాళ్ళు రావడంల్యా అక్కా!"

"చెప్పులు ఇడిసిపెట్టి రా. ఆ సారు చూస్తాండాడు!"

చీలమండల దాకా బురదతో, ఉత్త కాళ్ళతో క్లాసులోకి వెళ్ళాను. బలానికీ ఒత్తిడికీ భేదమేమిటని ఆఫీసరు కన్నడంలో అడిగారు. బట్టీపట్టిందంతా మైదానంలోనే ఉండిపోయినట్టుంది. ఇంతలో కిటికీ పక్క పిల్ల కిసుక్కున నవ్వింది.

"ఏం నవ్వుతాండావు?"

"మిస్, మీ చెప్పులు ఇంకా ఆడే నిలబడుండాయి."

క్లాసంతా కిటికీల దగ్గరికి పరిగెత్తింది. "మిస్ ఇంత సన్నగా ఉండారు, మునిగిపోయిరి. కన్నడ మిస్ అంత..." అంటూ ఒకడు ఠక్కున ఆగాడు. గుమ్మంలో తువ్వాలుతో అక్క నిలబడి ఉంది! 

"లావని చెప్పు నాయనా, పాఠమే కదా!" అంటూ అక్క కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మైదానంలోకి దిగి, నా చెప్పుల చుట్టూ దర్జాగా తిరిగింది. ఆమె చదును చెప్పులు అచ్చు వేశాయే గానీ దిగబడలేదు.

అప్పుడు నా గొంతు లేచింది. "చూడండి, అక్క నేలను నాకంటే ఎక్కువ బలంతో నొక్కుతాండాది. అయితే ఆ బలం పాదమంత చోటున పరుచుకుంటాది, అందుకే ఒత్తిడి తక్కువ. నా బలం తక్కువే. కానీ అది మొనంత చోట పడింది, ఒత్తిడి పెరిగి మడమ నేలలోకి దిగింది."

"మరి ఆమె ఈమె చెప్పులు వేసుకుంటే?" అన్నారు ఆఫీసరు.

"బావి పడతాది సార్!" అన్నాను.

అందరికంటే గట్టిగా బయటినుంచి అక్కే నవ్వింది.

నన్ను ఉంచుకున్నారు. ఆ వేసవిలోనే అక్కకు దూరంగా బదిలీ అయింది. మొదట్లో రోజూ ఫోన్లు, తర్వాత పండగలకు, ఇప్పుడు అదీ లేదు. ఇప్పుడు నేను పనిచేసే చిక్కబళ్ళాపురంలో ఈ పాఠాన్ని అక్క కథతో చెప్పిన ప్రతిసారీ పిల్లలు నవ్వి, "ఆ మిస్ ఇప్పుడు యాడుండారు?" అని అడుగుతారు. నేను అటు తిరిగి బోర్డు తుడవడం మొదలుపెడతాను. ఆ రోజు అక్క చేతిలోని తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ, ఉద్యోగం ఎక్కడ పోతుందోనని బెంగపడిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. పోయేది ఉద్యోగమనుకుంది, పిచ్చిది!