జూలై ఒకటిన పుట్టిన ఊరు

సునామీ వస్తే నీళ్ళు ఎంతదూరం వస్తాయో చెప్పాలంటే, ఇదివరకు సముద్రం ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలి. బందరు కాలేజీలో చరిత్ర చెప్పుకునే నాకు, ముంపు మ్యాపు గీయిస్తున్న కలెక్టరాఫీసు వాళ్ళు ఆ పని అంటగట్టారు. దివిసీమ బడుల పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే ఒక వింత కనిపించింది. కొన్ని ఊళ్ళలో పిల్లలంతా జూలై ఒకటినే పుట్టారు. డెబ్భై ఏడు ఉప్పెనలో రిజిస్టరు కొట్టుకుపోతే, మాస్టారు మిగిలిన పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఎత్తు చూసి వయసు వేసి, పుట్టినతేదీ అందరికీ జూలై ఒకటని రాసేశారన్నమాట. అలాంటి ఊళ్ళన్నీ కలుపుతూ గీత గీస్తే సముద్రం వచ్చిన మేర తేలింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అయితే రిజిస్టరు నీళ్ళలో పోయిందని ఊళ్ళో ఇద్దరు సంతకం పెట్టాలి. లేకపోతే ఆ ఊరు మ్యాపులో భయంలేని చోటుగా పడుతుంది, తుఫాను షెల్టరు మరో ఊరికి పోతుంది. అవనిగడ్డలో ఆటో ఎక్కి, ఆ గీత మీదే ఉన్న అమ్మ పుట్టిన ఊరు వెళ్ళాను. మా పిన్ని అక్కడే ఉంటుంది.

పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెద్దవాళ్ళంతా చేరారు. పుట్టినతేదీల మాట ఎత్తగానే మొహాలు మారిపోయాయి. వాళ్ళ పింఛన్లన్నీ మాస్టారు వేసిన ఆ వయసు మీదే నడుస్తున్నాయి. అది ఉజ్జాయింపు వయసని తేలితే పింఛను ఆగిపోతుందని వాళ్ళ భయం.

“మా ఊరికి నీళ్ళే రాలేదండి,” అన్నాడొకాయన.

“మరి పాత రిజిస్టరు ఏమైందండీ?”

“చెదలు తినేసిందండి.”

“బడి పైకప్పు?”

“అదీ చెదలేనండి.”

“మరి చచ్చిపోయిన గేదెలు?”

“అప్పట్లో చెదలు గట్టివండి.”

ఒక్కరూ నవ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిన్ని వైపు చూశాను. ఆ నీళ్ళలోనే ఆవిడ తమ్ముడు, నేను చూడని మా మావయ్య, పోయాడు. ఆవిడా తల దించుకుని, “రాలేదురా,” అంది.

కాగితాలు విసురుగా సర్దుకుని ఆటో దగ్గరికి నడిచాను. పిన్ని వెనకాలే వచ్చి, నా చేతిలో కాగితం లాక్కుని సంతకం పెట్టేసింది.

“పింఛను పోతే పోనీరా. మాస్టారు వరసలో నిలబెట్టేటప్పటికి మీ మావయ్య లేడు. వాడికి జూలై ఒకటి వెయ్యలేదు. వాడు అట్లతద్ది నాడు పుట్టాడు. అది నాకొక్కదానికే గుర్తుంది.”

ఆటో ఎక్కబోతుంటే ఇందాకటి చెదలాయన వచ్చి పెన్ను అడిగాడు.

“మా చెల్లికి కూడా వెయ్యలేదండి,” అన్నాడు.