మాడుకి రాసిన చేపనూనె

కార్తీకమాసం, రెండో సోమవారం, పొద్దున్న తొమ్మిదింపావు. తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి ఇంటి గుమ్మం ఎక్కేసరికి గోడ గడియారంలో టైమంతే అయింది. నా చేతిలో నీళ్ళు పోసిన స్టీలు క్యాను, అందులో బతికున్న కొర్రమీను. కొల్లేటి లంకలో బయల్దేరి ఏలూరులో బస్సు మారేదాకా అది మూతని తలతో పొడుస్తూనే ఉంది. కండక్టరు చెవి పెట్టి విని, "మామ్మగారూ, ఆడవాళ్ళకి ఫ్రీ గానీ, లోపలాయనకి టికెట్ కొట్టాలండి" అన్నాడు. "అది బాలింత దగ్గరికెళ్తోంది, వదిలెయ్ నాయనా" అన్నాను.

బాలింత అంటే నా మనవరాలు. ఏలూరు ఆసుపత్రిలో ఆడపిల్లని కని మూడు వారాలు దాటింది. తొలి కాన్పు కాబట్టి పుట్టింట్లో, నా కూతురి దగ్గరే ఉంది. ముందురోజు నాకు ఫోను చేసింది.

"అమ్మమ్మా, నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయే."

"ఏం తింటున్నావే?"

"అన్నం, వెల్లుల్లి కారం. పొద్దున్నా అదే, రాత్రీ అదే. రేపు మా అత్తగారు డబ్బా పాలు పట్టుకొస్తున్నారు. నా పాలు పల్చనంట, పిల్లకి చాలవంట." మళ్ళీ తనే అంది, "నాకు పాలున్నాయి అమ్మమ్మా. నాకే ఏమీ లేదు."

ఆ మాట విన్నాక ఇంట్లో ఎలా కూర్చుంటాను? తెల్లారగానే రేవులోకి వెళ్ళి చేప తీసుకున్నాను. కార్తీక సోమవారమని రేవులోవాళ్ళు గుర్తుచేశారు. నాకూ గుర్తుంది. బాలింత కంచంలో ఏముందో చూసి కోపం తెచ్చుకునేంత తీరిక శివుడికి ఉంటుందని నేననుకోను.

ఇంట్లోకి అడుగుపెట్టగానే వాసన తగిలింది. నా క్యానులోది కాదు, ఆ తేడా నాకు తెలుసు. పెరట్లో మా అమ్మాయి పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, కాళ్ళ మీద పిల్లని పడుకోబెట్టి స్నానానికి నూనె రాస్తోంది. పక్కన కత్తెర, ఒక సీసా. సీసాలో పసుపురంగు మెత్తటి మాత్రలు. ఒక మాత్ర కత్తిరించి, పిండి, పిల్ల మాడు మీద అద్దుతోంది. ప్రహరీ మీద రెండు పిల్లులు కూర్చుని చూస్తున్నాయి.

"ఇదేంటే?"

"చేపనూనె మాత్రలమ్మా. డాక్టరమ్మ రాసింది. వారంలో రెండుమూడుసార్లు చేప తినమంది, తినకపోతే ఇవి వాడమంది. పిల్ల మెదడుకి మంచిదంట."

"అయితే తల్లి కదా మింగాలి?"

"మింగితే పథ్యం తప్పినట్టే. దాని అత్తగారు ససేమిరా అన్నారు. పాలల్లోకి నీచు దిగి పిల్లకి పడిశం పడుతుందన్నారు. అలాగని డాక్టరమ్మ మాట తీసెయ్యలేంగా. మెదడుకే కదా, ఆముదం బదులు ఇదే మాడుకి పెడుతున్నా."

నాకు నవ్వు తర్వాతెప్పుడో వచ్చింది. అప్పుడు రాలేదు. డాక్టరు మాటా పోలేదు, మా అమ్మాయి వియ్యపురాలి మాటా పోలేదు. పోయిందల్లా నా మనవరాలి ఒంట్లో సత్తువ. గదిలో మంచం మీద కూర్చుని ఉంది, కళ్ళ కింద నల్లగా, పెదాలు తెల్లగా. నన్ను చూసి నవ్వబోయి ఏడ్చింది.

నేను అక్షరాలు ముసలితనంలో దిద్దుకున్నదాన్ని. మాటని మెలితిప్పి రాయడం చేతకాదు. ఉన్నదున్నట్టు రాస్తాను. మా లంకలో బాలింతకి కొర్రమీనే పథ్యం. చింతపండు తగ్గించి, మిరియాలూ వెల్లుల్లీ దంచి వేసి, పల్చగా పులుసు కాస్తాం. నలుగురు పిల్లల్నీ ఆ పులుసు తాగే పెంచాను. అదేమీ శాస్త్రం తెలిసి కాదు, చుట్టూ నీళ్ళే కాబట్టి అదే దొరికేది. గట్టుకొచ్చేసరికి అదే చేప బాలింతకి విషమైపోయింది. కైకలూరు, కలిదిండి చెరువుల్లో చేప ఐసు పెట్టెల్లో పడుకుని పరాయి రాష్ట్రాలకి పోతుంది. ఇక్కడి తల్లి మాత్రం కారం మెతుకులు తినాలి.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, ఇవాళ సోమవారం. నా వంటింట్లోకి తేకు" అంది మా అమ్మాయి.

"తేనులే. నీ వంటిల్లు నీకే."

పెరట్లో బాలింత స్నానానికి నీళ్ళు కాచే పొయ్యి ఉంది. బోర్లించిన పాత సిల్వరు గిన్నె ఉంది. అవి చాలు. చేపని బూడిదతో రుద్ది జిగురు తీసి ముక్కలు కోశాను. పిల్లకి స్నానం చేయించి తల్లికిచ్చి, మా అమ్మాయి నా వెనకాలే తిరుగుతోంది.

"రేపు పిల్లకి దగ్గొచ్చినా తుమ్మొచ్చినా నన్నంటారమ్మా. నీకేం, నువ్వు బస్సెక్కి పోతావు."

అదీ దాని భయం. తప్పు పట్టను. కన్నకూతురి తిండి కన్నా వియ్యపురాలి మాట బరువైపోయింది దానికి.

"నా మీద వేసెయ్. ముసల్దానికి మతి లేదని చెప్పు. ముందా మిరియాలు ఇలా పడెయ్."

తిట్టుకుంటూనే తెచ్చిచ్చింది.

పులుసు దించుతుండగా జంగారెడ్డిగూడెం నుంచి వియ్యపురాలు దిగింది, కొడుకుతో. కొడుకు చేతిలో పాల డబ్బా. ఆవిడ సోమవారం ఉపవాసం, నుదుట విభూతి. నేరుగా పెరట్లోకే వచ్చేసింది.

"ఏవండీ వదినగారూ, ఈ వాసనేంటండీ, సోమవారం పూటా?"

మా అమ్మాయి నా వైపు చూసింది.

"నేనేనమ్మా. నీ కోడలికి వండాను" అన్నాను.

"అత్తయ్యగారూ, మీరు పెద్దవారు, మీకు చెప్పేదాన్ని కాదండి. పచ్చి బాలింత నీచు తింటే పసిదానికి ఆయాసం రాదండీ?"

"నా నలుగురికీ రాలేదు."

"మీ లంకల సంగతి వేరండి. మీరు నీళ్ళల్లో పుట్టినవాళ్ళు." ఎంత మెత్తగా అందో! మా వైపు తిట్టైనా అండీ లేకుండా రాదు.

"అవునమ్మా, నీళ్ళల్లో పుట్టాం. నీ మనవరాలిది కూడా ఆ రక్తమేగా. పథ్యం, పథ్యం అంటున్నావు. ఉపవాసం నీది, ఉండు. సాయంత్రం చుక్క కనిపిస్తే నీది అయిపోతుంది. దానిది మూడు వారాలుగా నడుస్తోంది. దానికి చుక్కెప్పుడు కనిపిస్తుంది?"

ఆవిడ మొహం ఎర్రబడింది. కొడుకు గొంతు సవరించుకుని, "అమ్మా, డాక్టరుగారు కూడా తినమనే..." అన్నాడు.

"నువ్వూరుకోరా. ఆడవాళ్ళ మాటల్లో నీకేం పని?"

నేను ఊరుకోలేదు. "ఆయనేనమ్మా డాక్టరు దగ్గర కూర్చుని విన్నది. విన్నవాణ్ణి నోరు మూసుకోమని, విననివాళ్ళం మనం కొట్టుకుంటున్నాం" అన్నాను. ఇంకా అనేదాన్నే.

అప్పుడు నా మనవరాలు లేచొచ్చింది. ఎడమచేతి మీద పిల్ల రొమ్ము పట్టుకుని ఉంది. గోడ పట్టుకుని నడిచి, పొయ్యి పక్కనున్న పీట మీద కూర్చుంది. కుడిచెయ్యి చాపి, "అమ్మమ్మా, కంచం ఇయ్యి" అంది. వాళ్ళ అత్తగారి వైపు తలెత్తి, "అత్తయ్యగారూ, నాకు ఆకలేస్తోందండి" అంది.

అన్నంలో పులుసు పోశాను. తింది. మాట్లాడకుండా, తలెత్తకుండా, వేళ్ళు నాక్కుంటూ తింది. మా అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుని చూసింది. వియ్యపురాలు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ కదల్లేదు. చివరికి, "ముళ్ళు చూసుకో, తొందరపడకు" అంది. అది ఒప్పుకోవడం కాదు. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోలేదు. నాక్కావలసింది ఒప్పుకోలు కాదు, కంచం ఖాళీ కావడం.

"ఆ డబ్బా మీరు తీసుకెళ్ళిపోండి అత్తయ్యగారూ. నా పిల్లకి నేనిస్తాను" అంది నా మనవరాలు, నమలడం ఆపకుండా.

మర్నాడు ఏలూరు తీసుకెళ్తే రక్తం తక్కువుందని ఇనుము మాత్రలు కూడా రాశారు. చేప ఒక్కటే చాలదన్నమాట. చాలుతుందని నేనెప్పుడూ అనలేదు. తిండి పెట్టమన్నాను. చేపనూనె మాత్రలు ఆనాటి నుంచి తల్లి నోట్లోకే వెళ్ళాయి. నాలుగు రోజులకి పిల్ల తుమ్మిందని వియ్యపురాలు నాకే ఫోను చేసింది. "ముక్కుంది కదమ్మా, తుమ్ముతుంది. తగ్గకపోతే డాక్టరుకి చూపించండి, తల్లి కంచం మాత్రం లాక్కోకండి" అన్నాను.

ఇప్పుడు ఎవరికి వాళ్ళు, అలా జరగనే లేదంటున్నారు. పథ్యం మేమే సడలించాం అంటున్నారు. అందుకని ఆ రోజు పెరట్లో ఎవరున్నారో రాసిపెడుతున్నాను. కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డ వియ్యపురాలు. కాసేపు తల్లినీ, కాసేపు పెళ్ళాన్నీ చూసిన ఆవిడ కొడుకు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఎవరికివ్వాలో తోచని నా కూతురు. తాగుతూ తాగుతూ నిద్రపోయిన నా మునిమనవరాలు. గరిటె పట్టుకున్న నేను. ఇంకొంచెం పొయ్యమని కంచం చాపిన నా మనవరాలు.