తంజోంగ్ పగార్‌లో నా ఎర్ర బల్ల

ఉదయం తొమ్మిదీ పదికి మా ఇంటి దగ్గరి యూ టీ మెట్రో స్టేషన్ చేరేసరికి నా కోపం చూసి గేట్లు వాటంతటవే తెరుచుకున్నాయి. సరే, సీనియర్ కార్డు ఆనించాను, అందుకే తెరుచుకున్నాయి. కోపం మాత్రం నిజం.

ముందురోజు ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసు భవనం కింది అంతస్తులో పెద్దవాళ్లు వేసిన బొమ్మల ప్రదర్శన పెట్టారు. అందులో నా బొమ్మ ఉంది. దాని కింద అచ్చువేసిన చీటీ: ‘హ్యాపీ మకాన్’. అంటే ఇక్కడి వాడుకలో ఆనందంగా భోజనం! నా భార్య సరోజిని పోయిన దుఃఖాన్ని నేను రంగుల్లో పెడితే, వీళ్లు దానికి హోటల్ బోర్డు తగిలిస్తారా?

బొమ్మ సంగతి చెప్పాలి. ఇక్కడి ఫుడ్ సెంటర్లలో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు ఒకరిదైనట్టే. చోప్ చేయడం అంటాం. ముప్పయ్యేళ్లు ఆ పని సరోజినిది, ప్లేట్ల కోసం క్యూలో నిలబడే పని నాది. ఆమె పోయిన నెలకు నేనే ప్యాకెట్ పెట్టి వెళ్లి, అలవాటుగా రెండు ప్లేట్లతో తిరిగొచ్చాను. ఆ ప్యాకెట్‌ని అప్పటినుంచీ విప్పకుండా జేబులోనే తిప్పుతూ వచ్చాను.

మా బ్లాకు కింద నడిచే బొమ్మల క్లాసులో మాస్టారు, “కంటికి కనబడింది కాదు అంకుల్, లోపల ఎలా ఉందో అలా వెయ్యండి. అదే ఎక్స్‌ప్రెషనిజం” అన్నారు. బల్ల నెత్తురు రంగులో వంకర తిరిగింది. ఖాళీ కుర్చీలు నోళ్లు తెరిచాయి. మధ్యలో తెల్లగా ప్యాకెట్. ఒక్క పూటలో ముగించానని అందరికీ చెప్పుకున్నాను. ఆరు వారాలు పట్టింది.

నాలుగో స్టేషన్ జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారాలి. మారిన రైల్లో నా పక్కన గుంటూరు అమ్మాయి కూర్చుంది, యూనివర్సిటీలో రీసెర్చట. నేను తెలుగులో గొణుక్కోవడం విని పలకరించింది.

“నేను పెయింటర్నమ్మా. పారిస్ వాళ్లు కూడా అడిగారు ఈ బొమ్మని” అని ఫోను చూపించాను.

“హ్యాపీ అని రాశారేంటి అంకుల్? కుర్చీలు ఏడుస్తున్నట్టున్నాయి కదా!”

“అదీ! నీకున్న బుద్ధి వాళ్లకేదీ?”

“మరి పారిస్ వాళ్లేమన్నారు?”

“పారిస్ లేదు, ఏమీ లేదులే.”

“గట్టిగా అడగండి అంకుల్, వదలకండి!” అని నవ్వుతూ బువోనా విస్టాలో దిగిపోయింది.

పది కాకముందే తంజోంగ్ పగార్ చేరాను. ప్రదర్శన చూసుకునేది మా పాత తెలుగు కుటుంబాల్లోని అమ్మాయే, ఇక్కడే పుట్టి పెరిగింది.

“ఎవరమ్మా ఈ పేరు పెట్టింది? మనిషి పోయిన ఇంటికి మామిడి తోరణం కడతారా?”

“వెయిట్ లా, అంకుల్.” ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ‘లా’ తగిలించి, ఫైలు తీసి నా ముందు పెట్టింది. “దిస్ ఈజ్ యువర్ హ్యాండ్‌రైటింగ్, రైట్?”

ఫారంలో బొమ్మ పేరు రాయాల్సిన గడిలో కోడి గెలికినట్టు నా రాత: హ్యాపీ మకాన్.

అప్పుడు గుర్తొచ్చింది. బొమ్మ ముగిసిన రోజు క్లాసులో దాన్ని చూసి అందరూ మాట్లాడటం మానేశారు. ఆ నిశ్శబ్దం భరించలేక “హ్యాపీ మకాన్ లా!” అని నేనే జోకేశాను. అందరూ నవ్వారు. ఆ ఊపులోనే ఫారం నింపేశాను. సరోజిని పోయిన రోజున పలకరించడానికి వచ్చినవాళ్లని కూడా ఇలాగే నవ్వించి పంపాను. ఇంత దూరం మోసుకొచ్చిన కోపం అడ్రసు నాదే!

భవనం అదిరేలా అరిచానని తర్వాత మా బ్లాకులో చెప్పాను. నిజానికి ఫైలు మూసి ఆ పిల్ల వైపు జరిపాను.

“సో హౌ, అంకుల్? కొత్తది ప్రింట్ కావాలంటే టూ డేస్ పడుతుంది.”

“పెన్నియ్యి.”

అచ్చు పేరు కొట్టేసి ‘సరోజిని చోటు’ అని తెలుగులో రాశాను. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు. “వాట్ డజ్ ఇట్ సే?” అంది. నాలుక చివరికి ఒక జోకు వచ్చింది. మింగేశాను.

“మా ఆవిడ కూర్చునే చోటమ్మా. ఇక రాదు.”

ఆ మాట నేను బయటికి అనడం అదే మొదలు. ఆ పిల్ల నవ్వలేదు.

పదకొండున్నరకి తిరుగు రైలు. వెళ్లదలచినవాళ్లకి: నెలాఖరు దాకా ఉంటుంది, టికెట్టు లేదు, నా బొమ్మ ఎడమ గోడకి మూడోది. దాని ముందు ఎవరైనా నవ్వితే నాకు చెప్పండి, వచ్చి తగువు పెట్టుకుంటాను.

జురాంగ్ ఈస్ట్ దాటాక జేబులోంచి ఆ ప్యాకెట్ తీసి విప్పాను. రైలంతా తడిసేలా ఏడ్చానని రాద్దామనుకున్నాను. రెండు టిష్యూలు సరిపోయాయి.